కంపార్ట్‌మెంట్ కాపురం

తెలుగు కుటుంబం మొత్తం ఒకచోట కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకునే చోటు ప్రస్తుతానికి ఒక్కటే మిగిలింది. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్. శ్రీవారి ఆలయంలో సెల్‌ఫోన్ నిషేధం కాబట్టి దాన్ని ముందే కౌంటర్లో అప్పగించాలి. ఆ తర్వాత సర్వదర్శనం భక్తుడికి స్వామివారు కనిపించేలోపు గంటల తరబడి సొంత పెళ్లాం బిడ్డలే కనిపిస్తుంటారు.

ఫోన్లు తీసుకునే కౌంటర్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. కల్యాణకట్టలో తలనీలాలు నవ్వుతూ ఇచ్చేసి, గుండుకు గంధం రాసుకుని వచ్చిన మహానుభావుడు ఇక్కడికొచ్చేసరికి చెయ్యి వదలడు. ఆఫీసుకో మెసేజ్, అపార్ట్‌మెంట్ గ్రూపుకో గోవింద నామం, ఛార్జింగ్ ఎంతుందో ఆఖరి చూపు. స్విచాఫ్ చేశాక కూడా తెర మీద వేలితో ఓసారి నిమురుతాడు. వెనక నుంచి భార్య "ఇచ్చెయ్యండీ, వాళ్లేం తినేయరు" అంటుంది. ఆవిడ ఫోన్ మాత్రం ఇంకా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది.

లోపల ఇనుప గ్రిల్స్, కూర్చోడానికి గట్లు, పైన ఒక టీవీ. మొదటి అరగంట అందరూ జేబులు తడుముకుంటారు. లేని ఫోన్ తొడ మీద వణికినట్టు ఉలిక్కిపడతారు. టీవీలో వచ్చేది భక్తి చానలే, మార్చుకోడానికి రిమోట్ చేతిలో ఉండదు. ఉప్మా వస్తుంది, తింటారు. పిల్లలకు పాలొస్తాయి, తాగిస్తారు. ఇక చేసేదేమీ లేక, గత్యంతరం లేని పరిస్థితుల్లో, కుటుంబ సభ్యులు పరస్పరం మాట్లాడుకోవడం మొదలెడతారు.

నా పక్కన కూర్చున్న కుటుంబంలో అది ఇలా మొదలైంది.

"నాన్నా, కుంటుతున్నావేంటి?"

"మోకాలురా. ఉగాది ముందు నుంచీ ఉంది."

"మరి చెప్పలేదేం?"

"ఫ్యామిలీ గ్రూపులో ఎక్స్‌రే పెట్టానుగా. నువ్వు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టావు. మీ బావ బొటనవేలు చూపించాడు. దుబాయ్ నుంచి మీ బాబాయి హ్యాపీ బర్త్‌డే అన్నాడు."

కొడుకు తల తిప్పి టీవీ వైపు చూశాడు. మామూలుగా అయితే అలాంటి సమయంలో చూసుకోడానికి చేతిలో ఒకటి ఉండేది.

అంతలో అత్తగారు అందుకున్నారు. "నా సంగతి చూడు, రోజూ పొద్దున్నే పువ్వులతో శుభోదయం పెడతాను. నీలం టిక్కులు పడతాయి, జవాబుండదు." కోడలు నేల చూపులు చూసింది. పాపం ఆవిడ తప్పేముంది? 2014 నవంబరులో వాట్సాప్ ఆ నీలం టిక్కులు తేకముందు "చూసుకోలేదత్తయ్యా" అనే మాట లక్షల కాపురాలను నిలబెట్టింది. అంత మంచి అబద్ధాన్ని చంపేసిన కంపెనీని ఇంతవరకూ ఏ కోడలూ కోర్టుకీడ్చలేదు. ఆ టిక్కులు కనబడకుండా ఆపేసుకునే వీలు ఉంది కానీ, ఆపేస్తే "ఎందుకాపేశావమ్మా" అని ఇంకో పంచాయితీ.

మనవరాలు మాత్రం సూటిగా పనిలోకి దిగింది. "తాతయ్యా, ఈ లైన్ స్కిప్ కొట్టడానికి ఉండదా?"

ఉండదన్నాడు తాతయ్య. అని ఊరుకోకుండా, అలిపిరి మెట్ల దారిలో వాళ్ల నాన్నను భుజాన వేసుకుని మోకాళ్ల పర్వతం ఎక్కిన కథ ఎత్తుకున్నాడు. పిల్లవాడికి జ్వరమట, తగ్గితే నడిచి వస్తానని మొక్కట, దించితే ఏడుపట. పిల్ల నోరు తెరుచుకుని వింటోంది. దాని వెనకాల వాళ్ల నాన్న కూడా.

"నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నాడు.

"ఎప్పుడు చెప్పను? ఇంటికొస్తే చెవుల్లో బుడిపెలతోనే ఉంటావాయె."

సరిగ్గా అప్పుడే గేటు తీశారు. గోవిందా అంటూ కంపార్ట్‌మెంట్ మొత్తం లేచి పరుగెత్తింది. పెద్దాయన కుంటుతూనే పరుగెత్తాడు. కొడుకు ఆయన రెక్క పట్టుకున్నాడు.

మాట ఖరీదైనప్పుడు మనం ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం. 1995లో అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ చేసిన రోజుల్లో మనకు వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి. అయినా ఎస్టీడీ బూత్ ముందు రాత్రి రేటు తగ్గేదాకా నిలబడి, మీటర్ వంక ఒక కన్నేసి, గొంతు చించుకుని "అమ్మ ఎలా ఉంది" అని అడిగేవాళ్లం. 2016లో జియో వచ్చాక మాట దాదాపు ఉచితమైంది. ఉచితంగా వచ్చింది కదా అని వాడటం మానేశాం. ఇప్పుడు ముందస్తు మెసేజ్ లేకుండా ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటున్నాం.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరి వాళ్లు 2022లో దీనికో ఉపాయం కనిపెట్టారు. సాయంత్రం ఏడింటికి ఊళ్లో సైరన్ మోగుతుంది, ఫోన్లూ టీవీలూ కట్టేస్తారు. ఎనిమిదిన్నరకు మళ్లీ మోగేదాకా అంతే. మన దగ్గరా పెట్టొచ్చు. కాకపోతే మోగిన సైరన్‌ను ముందు వీడియో తీయాలి, స్టేటస్ పెట్టాలి, ఎంతమంది చూశారో చూసుకోవాలి. ఆ పనులయ్యేసరికి ఎనిమిదిన్నర సైరన్ మోగుతుంది.

దర్శనం సంగతి చెప్పలేదు కదూ. క్షణంలో అయిపోయింది, ఎప్పుడూ అంతే. బయటికొచ్చాక ఫోన్ల కౌంటర్ దగ్గర తోపులాట. మా కంపార్ట్‌మెంట్ కుటుంబం అక్కడే ఓ వారగా నిలబడింది, మనిషికీ మనిషికీ మధ్య జానెడు దూరం. కొడుకు గ్రూపులో "దర్శనం బాగా జరిగింది" అని పెట్టాడు. పక్కనే ఉన్న తండ్రి జేబులో టింగ్‌మంది. ఆయన కళ్లజోడు సవరించుకుని, చదివి, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

కాబట్టి దేవస్థానం వారికి నాదో విన్నపం. స్వామివారి దర్శనం అక్కర్లేని వాళ్లకు, ఉత్త కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని వచ్చేయడానికి వేరే టికెట్ ఒకటి పెట్టండి. మూడు వందలైనా కొంటారు. ఆన్‌లైన్‌లో పొద్దున పదింటికి కోటా వదులుతామని ప్రకటించండి చాలు. ఇంటిల్లిపాదీ తొమ్మిదిన్నర నుంచే తలో ఫోన్ పట్టుకుని, తలో గదిలో, రిఫ్రెష్ కొడుతూ కూర్చుంటారు.