కిర్రు ఎవరి తాలూకా అండీ?

గోదావరి జిల్లాల్లో కారు స్టీరింగు కిర్రుమంటే, సంగతి ఓనరుకంటే ముందు కిర్రు మాస్టారికి తెలుస్తుంది. ఈయన ఒక్కరు కాదు, ఊరికొకరు ఉంటారు. పాలకొల్లులో కాఫీ హోటలు ముందరా, అమలాపురంలో ఎరువుల కొట్టు అరుగు మీదా, రావులపాలెంలో అరటిగెలల లారీల పక్కనా దర్శనమిస్తారు. అరవై దాటిన వయసు, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చంకలో మడిచిన పేపరు. చేతికి గ్రీజు అంటిన దాఖలా ఎక్కడా కనపడదు. మెకానిక్ కాదు, సొంత కారు కూడా ఉండకపోవచ్చు. అయినా మలుపు తిరుగుతున్న కారు కిర్రుమందంటే చెయ్యెత్తి ఆపేస్తారు, అద్దం దింపించి తల లోపలికి పెడతారు. “ఆయ్, ఎన్నాళ్ల నించండీ ఈ మూలుగు?” నవ్వొచ్చే మనిషే, నవ్వుకోవచ్చు. కానీ స్టీరింగు కిర్రు దొరకబుచ్చుకోవడానికి ఈయన పద్ధతిని మించింది లేదనీ, అది ఆయనకి అబ్బింది షెడ్డులో కాదు, కొత్తమనిషి కనబడితే ఆరా తీయకుండా ఉండలేని ఈ గడ్డ అలవాటులోనేననీ నా వాదన.

బస్సు దిగిన కొత్తమనిషికి ఇక్కడ మంచినీళ్లు అందేలోగా అరడజను ప్రశ్నలు అందుతాయి. ఏ ఊరండీ, ఎవరి తాలూకా, ఎవరింటికొచ్చారు, ఎప్పుడొచ్చారు, మళ్లీ ప్రయాణం ఎప్పుడు. మాస్టారు కిర్రునీ సరిగ్గా ఇలాగే కూర్చోబెట్టి అడుగుతారు. “ఇంజను ఆపి తిప్పినా వస్తోందాండీ?” వస్తోందంటే బెల్టూ పంపూ నిర్దోషులు. ఇంజను ఆడుతున్నప్పుడు, అదీ కొసదాకా తిప్పినప్పుడే కీచుమంటే వదులైన బెల్టునో తగ్గిన ఆయిల్‌నో అనుమానించాలి. “లోపల వినబడుతోందా, బయటా?” లోపలైతే స్టీరింగుకీ దాని కింది ప్లాస్టిక్ తొడుగుకీ రాపిడి కావచ్చు, లేదా పెడళ్ల వెనకాల స్టీరింగు రాడ్డు ఇంజను వైపు దూరిపోయేచోట ఉండే రబ్బరు బూటు ఎండిపోయి ఉండవచ్చు. బయటైతే ముందు చక్రాల మీది స్ట్రట్ బేరింగు, బాల్ జాయింటు, టై రాడ్ కొసలు. ఒకరు స్టీరింగు తిప్పుతుంటే ఇంకొకరు ముందు స్ప్రింగు మీద చెయ్యి ఆనిస్తే, చెడ్డ బేరింగు ఉన్నవైపు స్ప్రింగు బిగుసుకుని టంగుమని వదలడం అరచేతికి తెలుస్తుంది. ఆ చెయ్యి ఎప్పుడూ ఓనరుదే, తెల్లచొక్కాది కాదు. ఇవన్నీ అయ్యాక మాస్టారు అసలు ప్రశ్న వేస్తారు. “మీ పోర్టికోలో టైల్సాండీ?” టైల్సే అయితే, ఇంటి దగ్గర తప్ప మరెక్కడా వినపడకపోతే, అది కారు కిర్రు కానే కాదు. నున్నటి నేల మీద నిలబడి తిరుగుతున్న టైరు చప్పుడు. కొడుకు అమెరికా నుంచి డబ్బు పంపితే పోర్టికోకి టైల్స్ వేయించుకున్న ఇళ్లవాళ్లు స్టీరింగు విప్పించకుండా బయటపడేది ఈ ఒక్క ప్రశ్నతోనే.

ఇలాంటివాళ్లు లేని ఊరుందా, గోదావరికే ఎందుకీ గొప్ప అని ఎవరైనా అడగొచ్చు. సలహా చెప్పేవాళ్లు అంతటా ఉన్న మాట నిజం. కానీ సలహాకి సమాధానం అక్కర్లేదు, ఆరాకి కావాలి. పైగా ఇక్కడ స్టీరింగుకి పని ఎక్కువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు పరుచుకున్నాయి. చాలా రోడ్లు ఆ కాలవగట్ల మీదే, కాలవ వంకర తిరిగినచోటల్లా తామూ తిరుగుతూ పోతాయి. వంతెన దగ్గర ఒక మలుపు, లాకుల దగ్గర ఇంకొకటి. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, వాటిని తప్పించడానికి మరో తిప్పు. ఆ ధూళి రబ్బరు సందుల్లో చేరుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి ఇనుము పని పడుతుంది.

కంప్యూటర్ పెట్టి కారు రోగం చెప్పే రోజుల్లో ఈయనెందుకన్నది ఇంకో ఆక్షేపణ, ఇది కాస్త బలమైనది. స్కానరు చెప్పేది సెన్సర్లు చూసిన తప్పుల్నే. ఎండిన రబ్బరు బూటుకి సెన్సరు లేదు. అది కిర్రుమంటుంటే స్కానరు తెర మీద తప్పేమీ లేదని వస్తుంది, షెడ్డువాడు అదే చదివి వినిపిస్తాడు. అయితే కొత్త కార్ల దగ్గర మాస్టారు వెనకబడ్డమాట ఒప్పుకోవాలి. కరెంటు మోటారుతో నడిచే స్టీరింగుకి కూడా “ఆయిల్ చూపించారాండీ?” అంటారు. అందులో పంపు ఆయిలూ లేదు, ఇంజను బెల్టూ లేదు.

అసలు తంటా మందు దగ్గర. గోదావరి మనిషి కదా, మాస్టారి చేతిలో ఉన్న మందు ఒకటే, కొబ్బరినూనె. రాయగానే కిర్రు పోతుంది, అందరూ చప్పట్లు కొట్టినంత పనిచేస్తారు. వారానికి ధూళి నూనెకి అంటుకుని ముద్దవుతుంది. ఇరవైనాలుగు డిగ్రీలకి అటూఇటూగా కొబ్బరినూనె పేరుకుంటుంది గనక ధనుర్మాసపు తెల్లవారుజామున కిర్రు రెట్టింపై లేస్తుంది. మామూలు గ్రీజూ పనికిరాదు, చాలా రకాల రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది. బూటుకైనా ప్లాస్టిక్‌కైనా తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టడమే మేలు. బాల్ జాయింటు, బేరింగు అరిగిపోతే ఏ నూనే పనిచెయ్యదు, మార్చాల్సిందే. ఇంకొక్కచోట మాత్రం ఆయన్ని మర్యాదగానే అయినా ఆపెయ్యాలి. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. స్టీరింగు మధ్యలో అది, దాని వెనక చుట్ట చుట్టుకున్న కేబులు. కిర్రు అక్కణ్నించే వస్తున్నా సరే, “ఆ మూత తియ్యండి, చూద్దాం” అంటే తీయకూడదు. బ్యాటరీ విప్పి పనిచేసే తెలిసినవాడి చేతికే అది వదలాలి.

పనీపాటా లేక చేస్తున్నాడనే విమర్శకి జవాబు అనవసరం, ఉన్నమాటే. ఊరికే చేస్తాడు కదా అని మెచ్చుకునేవాళ్లకే జవాబు చెప్పాలి. డబ్బు పుచ్చుకోరు, కాఫీ కూడా బలవంతం చేస్తేనే. కానీ అడిగిన ప్రశ్నలకి వచ్చిన జవాబులు ఆయన దగ్గరే ఉండిపోతాయి, ఆయన దగ్గరున్నది ఊళ్లో అందరిదీ. పాలకొల్లులో కిర్రుమన్న స్టీరింగు భీమవరం చేరేసరికి బిగుసుకుపోయి ఉంటుంది, తణుకు దాటేసరికి ఊడి చేతిలోకి వచ్చేసి ఉంటుంది. పదిహేను రోజుల తర్వాత రాజమండ్రిలో ఏ పెళ్లిలోనో, కిర్రు పోయిన కారులో హాయిగా దిగిన ఓనరు పక్కన ఎవరో ఆకు ముందు కూర్చుని, పప్పులో నెయ్యి కలుపుకుంటూ అడుగుతారు. “కారు అమ్మేస్తున్నారటగదండీ, ఎంతలో ఇస్తారేంటి?”