తాగిందెవరు?

శేషయ్యతో బేరానికి కూర్చుని నిండు జేబుతో లేచినవాడు లేడని మదనపల్లె టమోటా మార్కెట్లో పేరు. మండీ నడుపుతూ, కమీషను ఎటూ చేతికొస్తోంది కదా, బాడుగ మాత్రం బయటివాడికెందుకని పాత డీజిల్ పికప్ ఒకటి కొన్నాడు. పదేళ్ల బండి. మీటరు రెండు లక్షల డెబ్భై వేల కిలోమీటర్లు దాటింది. కొన్నరోజు మండీకి వచ్చిన ప్రతివాడికీ టీ ఇప్పించి మరీ చెప్పాడు.

"నాలుగు లక్షలకు పైసా తగ్గనన్న్యాడు. ఒక్క మాట పట్టుకున్యా, ముప్పై వేలు దించినా."

ఆ బండికి డ్రైవరుగా వచ్చినవాడు మస్తాన్. జీతం పదహారు వేలు, బత్తా వేరు. సాయంత్రం క్రేట్లు ఎక్కించుకుని పుంగనూరు, పలమనేరు మీదుగా మొగిలి ఘాట్ దిగి, చిత్తూరు దాటి, తెల్లారేసరికి మద్రాసు కోయంబేడు మార్కెట్లో సరుకు దించాలి. ఖాళీ క్రేట్ల మీద ఏ తిరుగు బాడుగ దొరికితే అది వేసుకుని మళ్లీ ఘాట్ ఎక్కి రావాలి. రానూపోనూ ఐదొందల కిలోమీటర్లు. నెలకు పది ట్రిప్పులు.

మస్తాన్‌కు ఒక అలవాటుంది. బండి తీసేముందు చదునైన చోట నిలిపి, ఇంజన్ ఆర్పి, లోపలి ఆయిల్ అంతా కిందికి దిగేదాకా ఆగి, డిప్‌స్టిక్ తీస్తాడు. గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి, అప్పుడు తీసి చూస్తాడు. ఆ పుల్ల మీద రెండు గీతలుంటాయి. పై గీతకూ కింది గీతకూ మధ్య దాదాపు లీటరు తేడా. రెండు ట్రిప్పులు తిరిగేసరికి పై గీతనున్న ఆయిల్ కింది గీతకు దిగిపోతోంది.

"సామీ, బండి ఆయిల్ తాగతా ఉండాది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు పోయాల్సొస్తా ఉండాది."

"బండి తాగేది డీజిలు మస్తానూ. ఆయిల్ తాగేదేంది?" అన్నాడు శేషయ్య.

కారుతోందేమో చూద్దామని ఆ రాత్రి బండి కింద అట్టపెట్టెలు విప్పి పరిపించాడు. పొద్దున్నే నలుగురినీ పిలిచి అట్టలు తిప్పి చూపించాడు. ఒక్క చుక్క మరక లేదు.

"కారలా. ఎండకు ఎండిపోయేదానికి అది నీళ్లు కాదు. మరి యాడికి పోయినట్టు?"

జవాబు కోసం ఆయన ఎవరి వైపూ చూడలేదు, మస్తాన్ వైపు తప్ప.

మస్తాన్ బతిమాలితే బండిని మెకానిక్ బాషా షెడ్డుకు పంపడానికి ఒప్పుకున్నాడు. తనూ వెంట వచ్చాడు. బాషా ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి ఆ రంధ్రం మీదే ఉంచాడు. మూత టకటకమని ఎగిరి పక్కకు పడిపోయింది. రంధ్రంలోంచి బుసబుసమని పొగ వచ్చింది.

"చూడన్నా. పిస్టనుకు మూడు రింగులుంటాయి. పైవి రెండూ మంటను కిందికి దిగనీయవు. అడుగున ఉండేది, గోడకు అంటిన ఆయిలును గీకి మళ్లీ కిందికి పంపతాది. అవి అరిగినాయంటే ఆయిల్ పైకెక్కతాది, మంట కిందికి దిగతాది. పైకెక్కిన ఆయిల్ డీజిలుతోపాటే కాలిపోతాది. కిందికి దిగిన గాలే ఇప్పుడు మూతను ఎగరగొట్టింది. ఇంక అట్ట మీద మరకెట్ల పడతాది?"

సైలెన్సరు మూతిలో వేలు పెట్టి తీసి చూపించాడు. పొడి మసి కాదు, జిడ్డు మసి.

"పొగ చూసి చెప్పచ్చన్నా. నల్లగా వస్తే డీజిలు ఎక్కువైనట్టో, గాలి చాలనట్టో. తెల్లగా వస్తానే ఉంటే డీజిలు సరిగ్గా కాలనట్టు, లేకుంటే నీళ్లు కలస్తా ఉన్నట్టు. నీలంగా వస్తే ఆయిల్ కాలినట్టే. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ల మీద అనుమానం. లోడుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు వస్తే రింగుల మీద. నీ బండి మొగిలి ఘాట్ ఎక్కతా ఉంటే ఎనకొచ్చే బండోళ్లు అద్దాలు ఎత్తుకుంటా ఉండారంట."

"ఎందుకు అరిగినట్టు?" అని మస్తాన్ అడిగాడు. శేషయ్య అడగలేదు.

బాషా ఎయిర్ ఫిల్టర్ డబ్బా చూపించాడు. క్లిప్పు ఎప్పుడో విరిగిపోయి, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి ఉంది. పక్కన వేలు పట్టేంత సందు.

"తోటల్లో మట్టిదారులు. ఆ దుమ్మంతా ఫిల్టరు దాటి ఈ సందులోంచే పోయింటాది. సిలిండరు గోడకు అది ఎమరీ కాగితమే అనుకో. పైగా మార్కెట్లో గేటు దగ్గర వరసలో గంటలకొద్దీ ఇంజన్ ఆపకుండా పెట్టింటారు. అట్లా ఉత్తగా తిరిగినా గోడలు నున్నగైపోయి, ఆయిల్ నిలవదు. ఈ బండికి ఇది నిన్న మొన్న వచ్చిన జబ్బు కాదన్నా. ఇంజన్ దించాల. బోరు కొలిచి లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చాల. ఎనభై వేలన్నా అవతాది."

శేషయ్య ఇంతసేపూ ఫోన్లో కోలారు రేట్లు చూసుకుంటున్నాడు. తలెత్తి, "నీకు పని కావాల, వానికి సాక్ష్యం కావాల. ఇద్దరూ బాగానే కుదిరినారు," అని లేచాడు.

మర్నాడు బానెట్‌కు గొళ్లెం వెల్డింగ్ చేయించి తాళం వేశాడు. తాళంచెవి తన మొలతాడుకే కట్టుకున్నాడు. పై గీతదాకా ఆయిల్ పోయించి మస్తాన్‌ను రెండు ట్రిప్పులు పంపాడు. మస్తాన్ తిరిగొచ్చి, బండిని నేరుగా మండీ ముందే నిలబెట్టాడు. హమాలీలూ, రైతులూ, పక్క మండీ గుమాస్తాలూ మూగారు. శేషయ్య తన చేత్తో తాళం తీసి, తన చేత్తో పుల్ల లాగాడు. ఆయిల్ కింది గీత దగ్గరుంది.

మస్తాన్ ముఖం వెలిగింది. తాళం పడింది, చెవి ఆయన దగ్గరే ఉంది, అయినా ఆయిల్ దిగింది. ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?

"ఓరి నీ! దొంగ తాళంచెవి కూడా చేయించినావా?" అన్నాడు శేషయ్య.

గుంపు గొల్లుమని నవ్వింది. ఆ నవ్వుతోనే తీర్పు అయిపోయింది.

ఆ నెల నుంచి లెక్కల పుస్తకంలో మస్తాన్ పేరు కింద కొత్త పద్దు పడింది. నెలకు ఐదు లీటర్లు, లీటరు నాలుగు వందలు, వెరసి రెండు వేలు. జీతంలో కోత. 2023 జులైలో కిలో టమోటా వంద రూపాయలు దాటి, మండీలన్నీ పండగ చేసుకున్నాయి. మస్తాన్‌కు ఆ నెల కూడా పద్నాలుగు వేలే చేతికొచ్చాయి.

దిగిపోదామంటే, కూతురి కాలేజీ ఫీజుకని తీసుకున్న అడ్వాన్సు తీరలేదు. ఆయిల్ పోయడం మానేద్దామంటే, సంపు అడుగంటితే ఘాట్ మలుపులో ఎర్రదీపం వెలుగుతుంది. పట్టించుకోకుండా ఇంకాస్త లాగితే బేరింగులు పట్టేస్తాయి. అప్పుడు ఎనభై వేలూ తన పద్దులోనే పడతాయి. అందుకని ఎప్పటిలాగే ప్రతి ట్రిప్పుకూ, తాళం తీయించుకుని, పుల్ల తీసి చూసుకుంటూ, తను దొంగిలించాడన్న ఆయిలును తనే జాగ్రత్తగా ఇంజన్లో పోస్తూ వచ్చాడు.

మార్కెట్లో అతని పేరు 'ఆయిల్ మస్తాన్' అయింది. టీ అంగడి దగ్గర అతను కనబడగానే తోటి డ్రైవర్లు తమ బండ్లలోని డబ్బాలు దాచినట్టు నటించేవాళ్లు. తమాషాకే. ఆ తమాషా కాలేజీ దాకా పాకి, ఒకరోజు కూతురు ఇంటికొచ్చి, "నిజమేనా నాయనా?" అని అడిగింది. ఆ రాత్రి మస్తాన్ అన్నం తినలేదు.

పదిహేను నెలలకు అడ్వాన్సు తీరింది. తీరిన రోజే బండి తాళాలు బల్ల మీద పెట్టి, లెక్క చూడమన్నాడు. శేషయ్య పుస్తకం తిప్పి, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

"ఆయిలుకు కోసింది మొత్తం ముప్పై వేలు. కేసు పెట్టలేదు, అది నా మంచితనం. పో."

తర్వాత వచ్చిన డ్రైవర్లకూ అదే పద్దు పడింది. వాళ్లకు అడ్వాన్సు బాకీలు లేవు కనుక, మొదటి కోతకే ఒకడి తర్వాత ఒకడు దిగిపోయారు. "ఈ కాలంలో నిజాయితీగల డ్రైవరు దొరికేది కష్టంగా ఉండాది," అని శేషయ్య మండీకి వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోయాడు. చివరికి విసిగి బండి అమ్మకానికి పెట్టాడు. మూడున్నర లక్షలు చెప్పాడు.

పుంగనూరు నుంచి ఒక కుర్రవాడు కొనడానికి వచ్చాడు. శేషయ్య భోజనం ముగించి మండీ బయటికి వచ్చేసరికి, కుర్రవాడు ముందు చక్రాలు తన్ని చూస్తున్నాడు. బండి కింద ఎవరో వెల్లకిలా పడుకుని ఛాసిస్‌ను సుత్తితో తట్టుతున్నారు. మోకాళ్ల నుంచి పాదాల దాకా మాత్రమే బయటికి కనబడుతున్నాయి.

"బండి చూసేదానికి మనిషిని తెచ్చుకున్యానన్నా," అన్నాడు కుర్రవాడు.

"చూసుకోనీలే. బంగారమట్లా బండి."

"బంగారమే గానీ ఆయిల్ తాగతాదంట కదన్నా?"

"ఎవడన్న్యాడు? డ్రైవర్లు తాగినారు గానీ బండి తాగలా."

కుర్రవాడు మాట్లాడకుండా ఇంజన్ స్టార్ట్ చేసి దిగి వచ్చాడు. బానెట్ ఎత్తించి, ఆయిల్ మూత విప్పి బోర్లించాడు. మూత టకటకమని ఎగిరింది. యాక్సిలరేటర్ తొక్కించాడు. వెనకాల వేపచెట్టు దాకా నీలం పొగ కమ్మింది.

"ఇంజన్ పనికి ఎనభై వేలు. అది తగ్గించన్నా, ఇప్పుడే డబ్బులిచ్చి తోలుకుపోతా."

"ఎనభైయా!"

"మరి? రింగులు పోయినాయి. ఈ ఇంజన్ ఇయ్యాలో రేపో పట్టేస్తాది. ఇంటికి చేర్చుకుంటానో లేదో కూడా నమ్మకం లే."

బండి కింద తట్టుడు ఆగింది. శేషయ్యకు బేరం చెయ్యి జారిపోతున్నట్టు అనిపించింది. ఎనభై వేలంటే మాటలా? గొంతు తగ్గించి, కుర్రవాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"భయపడాకు అబ్బోడా. ఈ తాగుడు ఇప్పటిది కాదు. నేను కొనేటప్పుడే వెయ్యికి లీటరు తాగతా ఉండె. అమ్మినాయన దాచకుండా చెప్పినాడు. ఆ మాట పట్టుకునే నేను ముప్పై వేలు దించినా. ఇన్నేళ్లయినా అదే లీటరు, గ్లాసుడు కూడా పెరగలా. ఇట్లాంటి గట్టి ఇంజన్ నీకు యాడ దొరకతాది? నాకు తగ్గిన ముప్పై నీకూ తగ్గిస్తా. దాని మీద పైసా దిగను."

కుర్రవాడు బండి కిందికి వంగి, "ఏమంటావు మామా? ముప్పై తగ్గిస్తాడంట," అన్నాడు.

సుత్తి పక్కన పెట్టి, మోచేతుల మీద పాకుతూ బయటికి వచ్చి, చొక్కాకంటిన దుమ్ము దులుపుకుంటూ మస్తాన్ లేచి నిలబడ్డాడు.

"ముప్పై కాదు సామీ, అరవై తగ్గించండి. రెండో ముప్పై నా జీతంలోది."