గన్ను ఆఖరున కొనండి

ఇంట్లోనే కారుకు రంగు వేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "తక్కువ ధరలో మంచి స్ప్రే గన్ను ఏది?" అనే. హైదరాబాద్ శివారు నాగారంలో ఎవరైనా నన్ను ఆ మాట అడిగితే ఉల్టా సలహాలే ఇస్తాను. గన్ను ఆఖరున కొనండి. రెండు వేలలోపుది కొనండి. అందులోనూ చిన్నది కొనండి. మిగిలిన డబ్బు గాలికి, మాస్కుకు పెట్టండి. కారంతా వేయాలన్న ఆలోచన మానుకుని, విప్పగలిగే భాగం ఒక్కటే ఎంచుకోండి. బంపరైతే మరీ మంచిది.

గాలి లెక్క చూడండి. ఇప్పుడు అందరూ సిఫారసు చేసే హెచ్‌వీఎల్‌పీ గన్ను ముక్కు దగ్గర ఒత్తిడి 10 పీఎస్ఐ దాటదు. అందువల్ల రంగు గాల్లో కలిసి వృథా కావడం తగ్గుతుంది. కానీ ఆ మెత్తదనానికి బదులుగా అది గాలిని విపరీతంగా తాగుతుంది. పెద్ద గన్నుకు నిమిషానికి 280 లీటర్ల దాకా కావాలి. ఇళ్లలో వాడే ఒక హెచ్‌పీ కంప్రెసర్ నిజంగా అందించేది వంద లీటర్లకు అటూ ఇటూ. 50 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 4 బార్‌కు పడేలోగా మీ చేతికొచ్చే గాలి 200 లీటర్లే. అంటే డోరు సగం అయ్యేసరికి ఒత్తిడి పడిపోతుంది, తుంపర లావవుతుంది, రంగు నారింజ తొక్కలా గరుకుగా కూర్చుంటుంది. అప్పుడు తిట్లు పడేది గన్నుకు. గన్ను ఎంత ఖరీదైనదైనా ఆ లెక్క మారదు.

అందుకే మినీ గన్ను. 0.8 నుంచి 1 మిల్లీమీటరు నాజిల్, చిన్న కప్పు. ఉన్న కంప్రెసర్‌తోనే ఇంచుమించు నడిచిపోతుంది. తుంపర పట్టీ (ఫ్యాన్) సన్నగా వస్తుంది కాబట్టి బానెట్‌కు పనికిరాదు, బంపర్‌కు, అద్దం కవరుకు, డోరు కింది అంచుకు చాలు. పెద్ద కంప్రెసర్ అద్దెకు దొరికితేనే 1.3 నాజిల్ ఉన్న పెద్ద గన్ను గురించి ఆలోచించండి. కరెంటు ప్లగ్గుకు పెట్టి వాడే గోడల గన్నును మాత్రం గేట్లకూ గ్రిల్లులకూ వదిలేయండి.

స్ప్రే గన్నుకు మూలం ఓ డాక్టర్ చేతి పరికరం. అమెరికాలోని టొలీడోలో అలెన్ డెవిల్‌బిస్ అనే గొంతు వైద్యుడు 19వ శతాబ్దం చివర్లో మందును తుంపరగా కొట్టే పిచికారీ చేశాడు. ఆయన కొడుకు థామస్ 1907లో దాన్ని రంగు కోసం మలిచాడు. అప్పుడూ ఇప్పుడూ ద్రవాన్ని చీల్చేది గాలే.

ఆ గాలిలో నీళ్లుంటే పని చెడినట్టే. వాటర్ ట్రాప్‌ను కంప్రెసర్‌కు బిగించి ఇస్తారు. దాన్ని తీసి పైపు అవతలి చివర, గన్నుకు దగ్గరగా పెట్టండి. వేడి గాలిలో తేమ ఆవిరిగానే దాటిపోతుంది, పైపులో చల్లబడ్డాకే నీరవుతుంది. ట్యాంకు కింది మర విప్పి ముందే నీళ్లు వదలండి.

ముహూర్తం కూడా షాపువాళ్లు చెప్పరు. దీపావళి దాటాక, కీసరగుట్ట శివరాత్రి జాతర లోపు చేయండి, అదీ మంచు ఆరాక పదింటికి మొదలుపెట్టి. వానాకాలం తేమకు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు తెల్లగా పొగబారుతుంది. మే నెల మధ్యాహ్నం రంగు రేకును తాకేలోపే సగం ఆరి, పొడిలా అంటుతుంది. ఈసీఐఎల్ నుంచి కీసర వెళ్లే రోడ్డు పక్క ఇల్లయితే దుమ్ము బాధ ఎలాగూ ఉంటుంది. ముందు నేలను తడపండి.

చేతిని అలవాటు చేసుకోవడానికి అట్టపెట్టెలు చాలు. ట్రిగ్గర్ సగం నొక్కితే ఉత్త గాలి వస్తుంది, పూర్తిగా నొక్కితే రంగు. అట్ట అంచుకు బయటే గాలి మొదలుపెట్టాలి, అంచుకు కాస్త ముందే రంగు అందుకోవాలి, అవతలి అంచు దాటాకే వదలాలి. గన్ను జానెడు దూరంలో, మణికట్టు తిప్పకుండా, చేయి మొత్తం కదలాలి. ప్రతి గీత ముందటి గీతను సగం కప్పాలి. మణికట్టు తిప్పేవాళ్లకు మధ్యలో రంగు కారుతుంది, చివర్లు పలచబడతాయి.

గన్ను మీద మిగిల్చిన డబ్బుతో ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జి ఉన్న మాస్కు కొనండి. ఎన్95 దుమ్మును ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. కంప్రెసర్‌ను, గీజరును, పొయ్యిని ఆవిరికి దూరంగా ఉంచండి. పక్కింటివాళ్ల బట్టలు, బండ్లు ఆరుబయట లేవని చూసుకోండి.

ఇక రంగు మీద వేసే మెరుపు పూత, క్లియర్ కోటు. దాన్ని ఇంట్లో వేయకండి. ఈ మాట దగ్గర నేను మొండిగా ఉంటాను. హార్డెనర్ కలిపే టూకే క్లియర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి వాసన మనకు తెలియదు, కాట్రిడ్జి ఎప్పుడు పనిచేయడం మానేసిందో తెలియదు, ఒకసారి ఊపిరితిత్తులు వాటికి ఎదురు తిరిగితే ఆస్తమా జీవితాంతం వదలకపోవచ్చు. బయటి నుంచి మంచి గాలి అందే మాస్కు పెట్టుకుని చేయాల్సిన పని అది. బంపర్‌ను విప్పి, ప్లాస్టిక్ ప్రైమర్, బేస్ కోటు మీరు వేసుకోండి. దుమ్ము పడకుండా కప్పి, డబ్బాపై రాసిన గడువు లోపల, వీలైతే అదే రోజు, స్ప్రే బూత్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లి క్లియర్ వేయించండి. ముందురోజే మేస్త్రీతో మాట్లాడి, ఏ కంపెనీ బేస్ వాడారో చెప్పి, టైము ఖాయం చేసుకోండి.