పచ్చరంగు చూసి మురిసిపోతే బ్యాటరీ నిలబడుతుందా?

మా రోజుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ పని బ్యాటరీ గదితో మొదలయ్యేది. వరుసగా 24 సెల్లులు, ఒక్కొక్కటి 2 వోల్టులు, మొత్తం 48. మూత తీసి హైడ్రోమీటరు ముంచి యాసిడ్ గ్రావిటీ చూసేవాళ్లం. ఏ సెల్లులో ఎంత ఉందో లాగ్ బుక్కులో రాసేవాళ్లం. జూనియర్ ఇంజినీరు గారు తనిఖీకి వస్తే ముందు అడిగేది ఆ పుస్తకమే. 1984లో పుట్టిన సీడాట్ సంస్థ పల్లెల కోసం చేసిన 128 పోర్టుల చిన్న ఎక్స్ఛేంజీ ర్యాక్స్‌కు ఏసీ గది కూడా అక్కర్లేదు, మా చిప్పగిరి వైపు ఎండలకు బాగానే తట్టుకునింది. బ్యాటరీ బాగుంటేనే అనుకోండి. ఆదోని మార్కెట్లో పత్తి ధర ఎంత పలికిందో తెలుసుకునేందుకు రైతులు ఫోన్ దగ్గర కాచుకుని ఉండే కాలం అది. కార్తీకంలో చిప్పగిరిలో జరిగే విజయదాసుల ఆరాధనకు కర్ణాటక నుంచి జనం దిగేవాళ్లు. ఆ రద్దీకి ముందే చార్జరు ఆపేసి, లోడంతా బ్యాటరీ మీద వేసి, ఎంతసేపు నిలబడుతుందో చూసి పెట్టుకునేవాళ్లం.

ఇప్పుడు ఊరి టవరు దగ్గర మనిషి లేడు. ఎక్కడో పట్నంలో ఒక గది. గోడ మీద పెద్ద తెర, దాని మీద వందల ఊళ్ల పరికరాలు పచ్చగానో ఎర్రగానో చుక్కలుగా కనపడతాయి. వాటిని కనిపెట్టుకుని ఉండేది ఎస్ఎన్ఎంపీ. 1988లో అమెరికాలో జెఫ్రీ కేస్, మరో ముగ్గురు కలిసి రాసిన పద్ధతి ఇది. పరికరంలో ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. వోల్టేజీ ఎంత, పోర్టు లేచి ఉందా పడిందా అని సర్వరు అడుగుతుంది, ఏజెంటు చెబుతుంది. ప్రతి విషయానికీ ఓఐడీ అని చుక్కలు పెట్టిన ఒక పొడవాటి నంబరు ఉంటుంది. అడగడానికి 161 పోర్టు. పరికరం తనంతట తాను మొరపెట్టుకుంటే దాన్ని ట్రాప్ అంటారు, అది 162కు పోతుంది. మంచి పద్ధతి. మా కాలంలో ఉండుంటే ఎన్నో రాత్రులు మాకు సైకిలు తొక్కే బాధ తప్పేది. నా కోపం దాని మీద కాదు, అది ఉంది కదా అని గడప దాటడం మానేసిన పెద్దల మీద.

బ్యాటరీ సంగతే చూడండి. తెర మీద 54 వోల్టులని కనపడుతుంది. కరెంటు ఉన్నంతసేపు అది చార్జరు ఇచ్చే వోల్టేజీ. లోపల సెల్లు ఎండిపోయినా ఆ అంకె అంతే ఉంటుంది. కాడి కట్టి చూడకుండా సంతలో ఎద్దును ఎవరైనా కొంటారా? లోడ్ వేసి చూడకుండా బ్యాటరీ బాగుందనడం అలాంటిదే. పైగా ఇప్పటివి సీలు వేసిన బ్యాటరీలు, హైడ్రోమీటరు ముంచడానికి సందు లేదు. అలాంటప్పుడు పరీక్షలు మరింత ఎక్కువ చేయాలి గదా, ఉన్నవి కూడా మానేశారు.

ఒక వానాకాలం రాత్రి గాలి లేచి కరెంటు పోయింది. కాసేపటికే మా దగ్గర నెట్‌వర్కు మొత్తం పడిపోయింది. తెల్లారి రేషన్ దుకాణం ముందు ముసలీ ముతకా బారులు తీరారు. మిషన్ పనిచేయదు, వేలిముద్ర పడదు. పట్నం గదిలో ఎర్రచుక్క చూసి ఫైబర్ తెగిందని తేల్చేశారు. మనుషులు కరెంటు స్తంభాల వెంట తీగ చూసుకుంటూ నంచర్ల దాకా పోయారు. తీగ ఎక్కడా తెగలేదు. చివరికి ఒక కుర్రవాడు టవరు దగ్గరి పెట్టె తెరిచి చూస్తే బ్యాటరీ చచ్చిపోయి ఉంది.

"కరెంటు పోతే ట్రాప్ రావాల గదా సార్, రాలేదంట" అన్నాడు.

"ఎట్లొస్తుంది నాయనా? మొర మోసుకుపోయే పెట్టె కూడా అదే బ్యాటరీ మీద బతుకుతా ఉంటే?" అన్నాను.

ట్రాప్ యూడీపీలో ఒక్కసారి పోయే ప్యాకెట్టు. చేరిందా లేదా అని పంపినవాడికి తెలియదు. చేరినట్టు జవాబు కావాలంటే ఇన్‌ఫామ్ అనే రకం వాడాలి, అది ఎస్ఎన్ఎంపీ రెండో వెర్షన్‌తో వచ్చింది. ఎంతమంది పెడుతున్నారు?

జవాబు రాలేదంటే పరికరం చచ్చిందనుకోవడం ఇంకో రోగం. పాస్వర్డులాంటి కమ్యూనిటీ స్ట్రింగ్‌లో ఒక్క అక్షరం తప్పినా ఏజెంటు తప్పని చెప్పదు, నోరు మూసుకుంటుంది. మధ్యలో ఫైర్‌వాల్ 161ని ఆపినా అదే మౌనం. సర్వరు ఐపీ మారింది, పరికరంలోని అనుమతి జాబితాలో పాతదే ఉంది, మళ్లీ అదే మౌనం. మా టెస్ట్ డెస్కు మీద మీటరు పెడితే ఓపెనా, షార్టా, ఎర్తా ముల్లు చెప్పేది. దాన్నిబట్టి లైన్‌మన్ ఏం పట్టుకుని పోవాలో తెలిసేది. ఇక్కడ ఆ తేడా మనిషే తేల్చుకోవాలి. ముందు పింగ్ చేయాలి. పింగ్ వస్తే పరికరం బతికే ఉంది. అప్పుడు సర్వరు నుంచే ఎస్ఎన్ఎంపీవాక్ అనే కమాండు కొట్టాలి. రాకపోతే పరికరం పక్కన కూర్చుని అదే కొట్టాలి. పక్కన వచ్చి సర్వరుకు రాకపోతే తప్పు దారిలోనో అనుమతిలోనో ఉంది. ఈ అడుగులు వేయకుండానే తీగ వెతకమని జీపు పంపుతారు.

పచ్చచుక్కనైనా నమ్మవచ్చా అంటే అదీ లేదు. మామూలుగా 5 నిమిషాలకు ఒకసారి అడుగుతారు. రెండుసార్లు అడిగే మధ్యలో పెట్టె పడి లేస్తే తెర మీద పచ్చే. సిస్‌అప్‌టైమ్ అనే విలువ, అంటే పెట్టె లేచి ఎంతసేపయిందో చూస్తే దొరికిపోతుంది. దాన్ని చూసేటప్పుడు కూడా తెలివి ఉండాలి. సెకనులో నూరోవంతు లెక్కన పెరిగే ఆ అంకె 497 రోజులకు నిండి సున్నాకు వస్తుంది, అప్పుడు పెట్టె రీస్టార్ట్ అయిందని గగ్గోలు పెట్టకూడదు. ట్రాఫిక్ లెక్కా అంతే. 1 గిగాబిట్ లైను నిండా ట్రాఫిక్ పారితే 32 బిట్ల కౌంటరు 34 సెకన్లలో తిరిగి మొదటికి వస్తుంది. 64 బిట్లది వాడకపోతే గ్రాఫు అంతా అబద్ధం.

ఇక ఏ ఓఐడీకీ దొరకని సంగతి మా నేల. నల్లరేగడి వేసవిలో బీటలు వారుతుంది, ఎర్తు గుంట ఎండిపోతుంది. తొలకరి పిడుగు దూరంగా పడినా చాలు, పోర్టులు మాడిపోతాయి. మా లైన్‌మన్లు ఎండాకాలమంతా ఆ గుంటలో ఉప్పు వేసి నీళ్లు పోసేవాళ్లు, మెగ్గరు పెట్టి చూసేవాళ్లు. ఇప్పుడు ఎర్తు గుంట ఎక్కడుందని అడిగితే గదిలో కూర్చున్నవాళ్లకే కాదు, పెట్టె తెరిచేవాళ్లకూ తెలియడం లేదు. ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టను. వాడికి ఎవరూ చూపించలేదు.

గదుల్లో కూర్చుని నడిపే అధికారులకు నా మనవి ఇదే. మూడు నెలలకు ఒకసారైనా మనిషిని పంపి, చార్జరు ఆపించి బ్యాటరీని లోడ్ మీద పరీక్ష చేయించండి. ఎన్ని నిమిషాలు నిలబడిందో రాయించండి. కరెంటు పోయిన మొర వేరే దారిన, ఒక చిన్న సిమ్ పెట్టెతోనైనా సరే, మీకు చేరేట్టు చూడండి. పబ్లిక్ అనే పాత కమ్యూనిటీ పేరు తీసేసి ఎస్ఎన్ఎంపీ మూడో వెర్షన్‌కు మారండి. వేసవి రాకముందే ఎర్తు గుంటలో నీళ్లు పోయించండి.