ఆరంకెల అంగీకారం

మన దేశంలో రోగి గుట్టుకు ఇప్పుడు కట్టుదిట్టమైన కాపలా ఉందట. మీరు ఒప్పుకుంటే తప్ప మీ ఆరోగ్య రికార్డు మీద ఈగ కూడా వాలదని ఏలినవారి హామీ. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌కు ఆ అంగీకారమే పునాది. ఆభా అనే పద్నాలుగంకెల ఆరోగ్య ఖాతా నంబరు మీ చేతికిస్తారు. ఏ డాక్టరు ఏ రిపోర్టు చూడాలో, ఎన్నాళ్ళు చూడాలో మీరే తేల్చి చెబుతారు. కాగితం మీద ఇంతకన్నా మర్యాదైన ఏర్పాటు ఉండదు. ఆ మర్యాద ఓపీ కిటికీ దాకా వచ్చేసరికి ఏమవుతుందో చూద్దాం. కాకినాడ జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి ఇటు కోనసీమ లంకల నుంచీ, అటు రంపచోడవరం ఏజెన్సీ నుంచీ జనం వస్తారు. అలాంటి చోట, వెనక వరస తోసుకొస్తుండగా కిటికీ పట్టుకుని నిలబడ్డ ఒక మామ్మను ఊహించుకోండి. లోపలి నుంచి వినబడే మొదటి ప్రశ్న జ్వరం గురించి కాదు, ‘ఓటీపీ ఎంతొచ్చింది మామ్మగారూ?’ అని. ఆధార్‌కు కలిపిన నంబరేమో కువైట్‌లో ఉన్న కొడుకుది. కాబట్టి ఆవిడ అంగీకారం ముందు కువైట్ వెళ్ళి, అక్కడ కొడుకు డ్యూటీ దిగేదాకా ఆగి, తిరిగి కాకినాడ రావాలి. వచ్చాక ఆ ఆరంకెలనూ ఆవిడ వరసంతా వినేలా కేకేసి చెబుతుంది. దీన్నే మన శాసన భాషలో స్వేచ్ఛగా, తెలిసి, నిస్సందేహంగా ఇచ్చిన సమ్మతి అంటారు.

కంప్యూటరు మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఈ సమ్మతి నాటకం మీద. వద్దనే వీలున్నప్పుడే ఔననడానికి విలువ. చీటీ ఇచ్చేవాడూ, మంచం ఇచ్చేవాడూ, సమ్మతి అడిగేవాడూ ఒక్కడే అయినప్పుడు, కడుపునొప్పితో మెలికలు తిరిగే మనిషి ‘మీ గోప్యతా విధానం ఓసారి చదివి వినిపించండి’ అంటాడా? అన్నా, వినిపించడానికి కిటికీ లోపల ఎవరికి తీరిక? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చింది. అంత పెద్ద హక్కును ఒక ఎస్సెమ్మెస్‌లో ఇమిడ్చిన ఘనత మాత్రం మన ఆసుపత్రుల పరిపాలనదే.

ఇదంతా ఉత్త అనుమానం అనేవారికి మన రాష్ట్రమే సాక్ష్యం ఇస్తుంది. చవకగా జెనరిక్ మందులు అమ్మే ‘అన్న సంజీవని’ దుకాణాలు గుర్తున్నాయా? 2018 జూన్‌లో ఒక సంగతి బయటపడింది. ఆ దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేరుతో, ఫోన్ నంబరుతో సహా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసేలా ఉంది. పడకటింటి మాత్రలు కొన్నవారు కూడా ఆ జాబితాలో ఉన్నారు. దొంగ రాలేదు, తాళం పగలలేదు. పాలనలో పారదర్శకత కావాలని జనం అడిగితే, ప్రభుత్వం జనాన్నే పారదర్శకం చేసి పెట్టింది. పత్రికల్లో వచ్చాక గానీ దాన్ని తీయలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌కు మాత్రం దొంగలే వచ్చారు. 2022 నవంబరు 23న ఐదు సర్వర్లు వాళ్ళ గుప్పిట్లోకి పోతే, దేశంలోకెల్లా పేరున్న ఆసుపత్రి సుమారు రెండు వారాలు కాగితం, కలం పట్టుకుని కాలం గడిపింది. కంచుకోట లాంటి ఎయిమ్స్ సంగతే అలా ఉంటే, కరెంటు పోతే రిజిస్టరు తీసే మండలాసుపత్రిలో తాళంచెవి ఎక్కడుంటుందో వేరే చెప్పాలా?

‘నిజాయితీపరుడికి దాచుకోవడానికేముంది?’ అని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. వారి ఇంట్లో పిల్లకు సంబంధం చూస్తున్నప్పుడు, ఆరు నెలలు టీబీ మందులు వాడిందన్న కబురు మగపెళ్ళివారికి చేరితే ఈ వేదాంతం నిలుస్తుందా? డిప్రెషన్‌కు మందులు వాడే ఉద్యోగికీ, హెచ్ఐవీ మందుల కోసం ఏఆర్‌టీ సెంటరు మెట్లెక్కే కూలీకీ రోగం కన్నా ముందు లోకం భయం. ఆ భయంతో ఆసుపత్రికి రావడమే మానేస్తే నష్టం వైద్యానికే. ఇక రెండో వాదన, కాగితాలు మాత్రం భద్రంగా ఉన్నాయా అని. లేవు, నిజమే. కేస్ షీట్లు బల్లల మీద పడుండటం అందరికీ తెలుసు. కాకపోతే బల్ల మీది కాగితం ఆ వార్డులో నలుగురి కంట పడుతుంది. సర్వర్లోంచి జారిన జాబితా ఒక్క రాత్రిలో లక్షల ఫోన్లలోకి చేరుతుంది, ఇక ఎన్నటికీ వెనక్కి రాదు. మూడో వాదన బలమైనదే: ఏజెన్సీ నుంచి స్పృహ లేకుండా వచ్చిన రోగికి ఏ మందు పడదో డాక్టరుకు వెంటనే తెలిస్తే ప్రాణం నిలుస్తుంది. అందుకే రికార్డు కావాలనే అంటాను. కానీ ప్రాణం నిలపడానికి డాక్టరు చూడాల్సిన రికార్డును కౌంటరు గుమాస్తా, బీమా ఏజెంటు, డ్యాష్‌బోర్డు చూసే అధికారి అందరూ చూడాలని ఏ వైద్యశాస్త్రం చెప్పింది?

ఒక్క మనిషికి మాత్రం ఈ గోప్యత గట్టిగా వర్తిస్తుంది. ఆయన రోగి. రోగి తన రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నియమావళి చెబుతోంది. అడిగి చూడండి. అర్జీ రాయండి, సంతకం పెట్టించండి, సోమవారం రండి. లోకమంతా చూడగల కాగితం దాని సొంతదారుకు వచ్చేసరికి మహా రహస్యమైపోతుంది.

చట్టం లేదా అంటే, ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమలు కావడానికి మరో పద్దెనిమిది నెలల గడువు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు, మన కుక్క ఏణ్ణర్థం సెలవు పెట్టింది. డేటా కాపాడని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా అని చదివి మురిసిపోకండి. ఆ సొమ్ము కేంద్ర ఖజానాకు పోతుంది. బాధితుడికి పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్‌ను ఈ చట్టం ఎత్తేస్తోంది. పైగా పసలేని ఫిర్యాదు చేసిన పౌరుడికి పదివేల దాకా జరిమానా. గుట్టు మీది, రట్టు వాళ్ళది, రొక్కం సర్కారుది.

ఇంతకన్నా బాగా చేయడం మనకు చేతకాదా అంటే, చేసి చూపించాం కూడా. హెచ్ఐవీ బాధితుల కోసం 2017లో తెచ్చిన చట్టం రోగి వివరాలను గుట్టుగా ఉంచడం సంస్థ బాధ్యతేనని తేటగా చెప్పింది. ఒక జబ్బుకు సాధ్యమైనది మిగతా జబ్బులకు ఎందుకు కాదు? బ్యాంకులో వంద రూపాయలు తీస్తే ఫోనుకు మెసేజ్ వస్తుంది. నా రికార్డు ఎవరు తెరిచినా అలాగే రావాలి. రట్టయితే పరిహారం నాకే దక్కాలి. అంతదాకా కిటికీ దగ్గర ఓటీపీ అడిగినప్పుడు, ‘ఇది లేకపోతే చీటీ ఇవ్వరా బాబూ?’ అని ఒక్క మాట అడగండి. ఇచ్చి తీరాలి. ఆభా స్వచ్ఛందమనీ, అది లేదన్న సాకుతో ఎవరికీ వైద్యం నిరాకరించకూడదనీ 2020 డిసెంబరులో ఆమోదించిన ఆరోగ్య డేటా విధానంలో సర్కారు తానే రాసుకుంది.