తగ్గిన నొప్పిని నమ్మాను

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే మాస్టార్ని. చర్మం నుంచి నొప్పి కబురు నరాల గుండా మెదడుకు ఎలా చేరుతుందో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి పిల్లలకు చెబుతాను. షుగర్ వచ్చి ఏళ్లయినా, ఆ పాఠాన్ని నా కాలికి అన్వయించుకోవాలని మాత్రం తోచలేదు. అది తెలియక చేసిన తప్పు కాదు. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది.

మొదట వచ్చింది మామూలు మడమ శూలే. పొద్దున మంచం దిగి కాలు మోపగానే మేకు దిగినట్టు పోటు. నాలుగడుగులు వేస్తే సర్దుకునేది. క్లాసులు అయ్యేసరికి మళ్లీ మొదలు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ప్లాంటార్ ఫేషియా అనే దళసరి పట్టీ ఉంటుంది. గంటల తరబడి నిలబడేవాళ్లకు, బరువు పెరిగినవాళ్లకు, గట్టి గచ్చు మీద ఉత్త కాళ్లతో తిరిగేవాళ్లకు అది మడమ దగ్గర దెబ్బతింటుంది. పిక్కలనూ అరికాలినీ సాగదీసే వ్యాయామం, మెత్తటి చెప్పులు, కాస్త విశ్రాంతి ఉంటే చాలామందికి కొన్ని నెలల్లో నెమ్మదిస్తుంది. ఆ సంగతి తెలుసు గనకే ధీమాగా ఉన్నాను.

“షుగరున్న కాలండీ, ఒక్కసారి చూపించుకోండి” అని మా ఆవిడ పోరుతూనే ఉంది. “మడమ నొప్పికి డాక్టరెందుకు?” అని కసిరాను. మందుల షాపులో నొప్పి బిళ్లలు అడిగి తెచ్చుకున్నాను. షుగరున్నవాళ్లు సొంతంగా వాడితే మూత్రపిండాలకు చేటని తెలిసీ మింగాను. ఆపైన కాపడం. ఇటుకను పొయ్యి మీద కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించేవాణ్ణి. ఆకులు చుయ్యిమంటున్నా కాలికి వేడి పెద్దగా తెలిసేది కాదు. ఇంకాస్త నొక్కిపెట్టేవాణ్ణి. “చూశావా, పోటు తగ్గింది” అని ఆవిడతో గొప్పగా చెప్పాను.

బిళ్లలు పోటును అణిచాయి. అరికాలి నరాలు అప్పటికే షుగర్ వల్ల మొద్దుబారి ఉన్నాయి. మడమ అంచున బొబ్బలేచింది, చితికింది, పుండయింది. నాకేమీ తెలియలేదు. గచ్చు మీద తడి మరకలు చూసి మా ఆవిడే నా కాలు పైకెత్తి చూసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమన్నారు. సన్నటి నైలాన్ పోగు అరికాలికి తగిలిస్తానని, తెలిసినప్పుడల్లా చెప్పమని అన్నారు. ఎప్పుడు మొదలుపెడతారా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. కళ్లు తెరవమనేసరికి పరీక్ష అయిపోయింది. పుండు మానడానికి నెలలు పట్టింది. చీము ఎముకకు పాకి ఉంటే కాలే తీసేయాల్సి వచ్చేదేమో. నా మంచి కోరి చెప్పిన మనిషిని కసిరాను. ఆ మాట ఇప్పటికీ బాధిస్తుంది.

నాలా మొండికేసేవాళ్లకు చెబుతున్నాను. ఇంట్లో జాగ్రత్తలు తీసుకున్నా రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గుముఖం పట్టకపోతే డాక్టరుకు చూపించండి. కిందపడ్డాకో, ఎత్తు నుంచి దూకాకో మడమ మీద బరువు మోపలేకపోతే అదే రోజు వెళ్లండి, ఎముక విరిగి ఉండొచ్చు. మడమ వెనక టప్పుమన్న చప్పుడు వచ్చి, ఆపైన మునివేళ్ల మీద లేవలేకపోతే పిక్కను మడమకు కలిపే స్నాయువు తెగిందేమో చూపించుకోండి. వాపు, ఎరుపు, జ్వరం కలిసి వచ్చినా ఆగొద్దు. పడుకున్నా వదలని నొప్పి, తిమ్మిరి, మొద్దుబారడం కూడా చూపించుకోవాల్సినవే. వయసులో ఉన్నవాళ్లకు రెండు మడమలూ నొప్పెట్టి, పొద్దున్నే నడుము కూడా బిగుసుకుపోతుంటే అది కీళ్లవాతం కావచ్చు.

షుగరున్నవాళ్లు మాత్రం ఈ వారాల లెక్క పెట్టుకోవద్దు. నొప్పి మొదలవగానే వెళ్లండి. కాలికి ఇటుక కాపడం, వేడినీళ్ల సంచి వద్దు. ఏడాదికోసారైనా పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి, అందకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్దామంటే చెప్పులేసుకుని బయల్దేరండి.