బాల్కనీలో మల్లె: పూయకుండా పెంచే పద్ధతి

మాదాపూర్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో ఫ్లాట్ కొని, రెండో వాయిదా కట్టగానే మనిషికి మల్లెచెట్టు మీద మనసు పోతుంది. తులసి అత్తగారు తెస్తారు. మనీప్లాంట్ ఆఫీసువాళ్లిస్తారు. మల్లె మాత్రం మనమే తెచ్చుకోవాలి. నర్సరీలో గుండుమల్లా, దొంతరమల్లా అని ఆరా తీయకండి. అప్పటికే విరగబూసిన కుండీని ఎంచుకోండి. ఆ పూలైనా చూసినట్టుంటుంది.

మల్లెకు రోజుకు ఐదారు గంటల నేరుటెండ కావాలంటారు. మీ ఎదురుగా ముప్పై అంతస్తుల టవరుంది. మధ్యాహ్నం దాని అద్దాల మీద పడి తిరిగొచ్చే వెలుగునే ఎండనుకొని సర్దుకోమనండి. కుండీని ఏసీ బయటి డబ్బాకు ఆనించి పెట్టండి. ఆ పొడివేడికి ఎర్రనల్లి ఆకుల అడుగున హాయిగా కాపురం పెడుతుంది.

కుండీ అడుగున చిల్లుంటే నీళ్లు కింది ఫ్లాటు ఆంటీగారు ఆరేసిన చీరల మీద పడతాయి, మీ పేరు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. చిల్లు మూసేయండి. వేళ్లు కుళ్లితే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు.

అన్నిటికన్నా ముఖ్యం, కత్తెర జోలికి పోకండి. మల్లె పూసేది కొత్త చిగుళ్లకే. అందుకే మైలవరం వైపు తోటల్లో రైతులు చలికాలంలో నీళ్లాపి చెట్టును ఎండగడతారు. ఆకు దూసేసి, కొమ్మల్ని మోకాలెత్తుకు నరికేస్తారు. ఆ తర్వాతే ఎరువు, తడి. చావుదెబ్బ తిన్న చెట్టు చిగుర్లేసి, ఎండలు ముదిరేసరికి మొగ్గతో నిండిపోతుంది. అంత కర్కశత్వం మనవల్ల అవుతుందా? ప్రాజెక్టు లేక బెంచి మీదున్న పిల్లల్ని ఒక్క మెయిలుతో ఇంటికి పంపే మేనేజరు కూడా మల్లెకొమ్మ ముందు చేయి వణికి, కత్తెర పక్కన పెట్టేస్తాడు. పైగా జనవరి అంటే పండక్కి ఊరెళ్లే నెల. చెట్టును దాని మానాన తీగలు సాగనివ్వండి. జాలేస్తే గుప్పెడు యూరియా చల్లండి. ఆకు నిగనిగలాడుతుంది, ఫొటోకి అంతకన్నా ఏం కావాలి?

ఇంత శ్రద్ధ తీసుకున్నా ఒక్కో మొండిచెట్టు ఏప్రిల్లో నాలుగు మొగ్గలు వేస్తుంది. కంగారు పడొద్దు. రాత్రి తిరిగే రెక్కల పురుగుల్ని పిలవడానికి మల్లె పొద్దుగూకాకే విచ్చుకుంటుంది, వాసనంతా అప్పుడే. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదైతే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర. కాల్స్ మొదలయ్యే వేళ. బాల్కనీ తలుపు బిగించి ఏసీ వేసుకోండి. మీరు హెడ్‌సెట్ తీసేసరికి అర్ధరాత్రి దాటుతుంది, మర్నాడు లేచేసరికి పూలు వడలి ఉంటాయి.

ఇంట్లో పూలేవని అడిగితే మార్గం లేకపోలేదు. తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు బుట్టల్లో దిగిన మల్లెమొగ్గలే సాయంత్రానికి దండలై కొత్తగూడ చౌరస్తా దాకా వచ్చేస్తాయి. ఫోన్‌తో స్కాన్ చేసి రెండు మూరలు కొనండి. కొలిచేది పూలమ్మే ఆవిడ చేతితో, అదీ మోచెయ్యి కాస్త మడిచి. "అమ్మా, నా చేత్తో కొలువు" అని మాత్రం బేరం పెట్టకండి, వెనక క్యాబులవాళ్లు హారన్లు కొడుతున్నారు.